ఆకురాయితో చదివిన పేరు

పోయిన నెల మార్కాపురంలో నాకు సన్మానం చేశారు. శాలువా కప్పారు, దండ వేశారు. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "సుబ్బయ్యగారు జీవితమంతా పతకాల మధ్యనే గడిపినారు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పక్క కుర్చీలో ఉన్న కాలేజీ లెక్చరర్ నా చెవి దగ్గరకు వంగి, "ఏ ఆటలో సార్?" అని అడిగాడు.

ఏ ఆటలోనూ కాదు. నేను పతకాలు గెలవలేదు, కొన్నాను. ఇంకొకరికి వచ్చిన పతకాన్ని వాళ్ళ మనవడి దగ్గర కొని, దానితో ఏ సంబంధమూ లేని మూడో మనిషికి చేర్చాను. దాదాపు ముప్పై ఏళ్ళు చేసిన పని ఇంతే. ఈమధ్య కళ్ళు మసకబారి దుకాణం మూసేశాను. మూసేశాక ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు వచ్చి ఈ పని నేర్పమంటున్నారు. ఫోనులో పాత నాణేల వీడియోలు చూసి, ప్రతి అటక మీదా నిధి ఉందనే నమ్మకంతో వస్తున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చదివాక పాల డైరీ పెట్టుకుంటే సంతోషిస్తాను.

ఎవరికి ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు

నేను పోగేసినవి అన్ని రకాల పతకాలూ కాదు. తెల్లదొరల కాలంలో యుద్ధాలు జరిగినప్పుడు, తుపాకీ పట్టకుండా సాయం చేసినవాళ్ళకు కొన్ని పతకాలు ఇచ్చేవారు. గాయపడిన సిపాయిలకు కట్లు కట్టినవాళ్ళకు, కంబళ్ళు పంపినవాళ్ళకు, ఆస్పత్రికి మంచాలు ఇచ్చినవాళ్ళకు, విరాళాలు పోగేసినవాళ్ళకు. వెండి బిళ్ళ, ఒకవైపు రాజు తలకాయ, రెండోవైపు దయ, సేవ అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు. చేయి పోయిన సిపాయికి కంచు బిళ్ళ ఇచ్చి, చందా రాసిన షావుకారికి వెండి బిళ్ళ ఇచ్చినట్టు పాత కాగితాల్లో నేనే చూశాను. షావుకారి నొప్పి ఎక్కువని దొరలు అనుకుని ఉంటారు.

మన వైపు దయ ఎలా నడిచేదో కూడా చెప్పాలి. గొర్రెల కాపర్లు ఉన్ని ఇచ్చేవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు వడికేవాళ్ళు. నేతగాళ్ళు కంబళి నేసేవాళ్ళు. గ్రామ మునసబు ఆ కంబళ్ళను బండికి ఎత్తించేవాడు. పతకం మునసబుకు వచ్చేది. ఎత్తించడం మామూలు కష్టం కాదు, వేలు చూపించి చెప్పాలి.

ఇంటివాళ్ళు చెప్పిన కథలు నమ్మితే, మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ప్రతి తాతా తన చేత్తో సిపాయిలకు అన్నం వండి పెట్టాడు. వాళ్ళలో ఒక్క తాతకైనా పొయ్యి ముట్టించడం వచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు.

వెలిగండ్ల దగ్గర ఒక పల్లెకు పతకం కోసం వెళ్తే నన్ను నేరుగా దొడ్లోకి తీసుకుపోయారు. అది పొట్టేలు మెడలో వేలాడుతోంది. దిష్టి తగలకుండా కట్టారట. "ఏమయ్యా, ఇది మీ తాతకిచ్చిన పతకం గదా!" అన్నాను. "తాత పోయినాడు సార్, పొట్టేలు ఉంది" అన్నాడు ఆ ఇంటాయన. ఇంత సూటిగా మాట్లాడిన మనిషి నాకు ఈ వృత్తిలో ఇంకొకడు తగల్లేదు. ఆ పతకాన్ని కొనకుండా వచ్చేశాను. దాన్ని మెడలో వేసుకున్న జీవాల్లో గొప్పలు చెప్పుకోనిది ఆ పొట్టేలు ఒక్కటే.

ఇద్దరు యజమానులు

నాకు పని నేర్పింది ఖాదర్ భాయ్. మార్కాపురం బజారులో ఆయనది వెండి దుకాణం. మా నాయన పలకల గనిలో రాయి కొట్టేవాడు. ఆ దుమ్ము నాకు వద్దని, నన్ను తెచ్చి భాయ్ దగ్గర కూర్చోబెట్టాడు. పద్నాలుగేళ్ళు అక్కడే పని చేశాను.

ఖాదర్ భాయ్‌కి చరిత్ర మీద ఏ గౌరవమూ లేదు. నేను ఏదైనా బిళ్ళను తిప్పి తిప్పి చూస్తుంటే, "అరే సుబ్బయ్యా, రాజు తలకాయ కరిగిస్తే ఏమైతది?" అనేవాడు. "వెండి అయితది భాయ్." "రాణి తలకాయ?" "అదీ వెండే." "మరి అంతసేపు ఏంది చూస్తా ఉన్నావు?"

ఆయన నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. వెండి వస్తువు రాగానే, లోపల రాగి పెట్టి పైన పూత వేశారేమో చూడాలి. దానికి అంచును ఆకురాయితో గీకాలి. ఒకచోట కాదు, మూడుచోట్ల. తర్వాత గీటురాయి మీద గీసి ద్రావకం చుక్క వేయాలి. "ముఖం మీద గీకితే గిరాకీ ఏడుస్తాడు. అంచు ఎవురు చూస్తారు?" అనేవాడు. అది ఆయన మర్యాద. పద్నాలుగేళ్ళలో ఆ మర్యాద నా వేళ్ళకు పట్టేసింది. ఎవరైనా చేతిలో వెండి పెడితే నమస్కారం కంటే ముందు ఆకురాయి లేచేది.

రెండో యజమాని హైదరాబాదులో ఉండే అయ్యగారు. పతకాలు పోగు చేయడం ఆయన సరదా, ఇంగ్లీషులో అలాంటివాళ్ళనూ కలెక్టర్ అనే అంటారు. కలెక్టర్ దగ్గర పని చేస్తున్నానని చెబితే మా వీధిలో జనం లేచి నిలబడేవాళ్ళు. ఏ కలెక్టరో నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. అయ్యగారికి కథలు కావాలి. ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఆ రోజు ఎండగా ఉందా వానగా ఉందా, అన్నీ కాగితం మీద రాసి తెమ్మనేవాడు. సిపాయిలకు ఎవరో గంజి పోశారని నేను చదువుతుంటే కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేవాడు. రాత్రంతా బస్సులో వచ్చిన నాకు మాత్రం మంచినీళ్ళు కావాలా అని ఒక్కసారీ అడగలేదు. జాలి అంతా చనిపోయినవాళ్ళకే ఖర్చయిపోయేది.

మీకు ఇలాంటి యజమానులు ఇద్దరూ దొరుకుతారు. ఖాదర్ భాయ్ లాంటివాడు పేరు చెరిపేస్తాడు, అయ్యగారి లాంటివాడు పేరు కొనుక్కుంటాడు. మొదటివాడు కనీసం భోజనం పెడతాడు.

బాలమ్మ

ఇప్పుడు నా తప్పు సంగతి. ముప్పై ఏళ్ళ కిందటి మాట. అప్పుడే అయ్యగారి పనిలో చేరాను. కూర్చోవడం మాత్రం ఇంకా ఖాదర్ భాయ్ దుకాణంలోనే, ఒక మూల బల్ల దగ్గర. రాచర్ల వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. పేరు బాలమ్మ. యాభై దాటి ఉంటాయి. కొంగు ముడి విప్పి ఒక వెండి బిళ్ళ బల్ల మీద పెట్టింది. దానికి పాత రిబ్బన్ ఉంది, పువ్వులా ముడి వేసి కుట్టేసినది.

"దీని మీద పేరు ఉందంట నాయనా. ఎవురి పేరో చదివి చెప్పు" అంది.

అమ్మడానికి వచ్చానని మొదటి మాటలోనే చెప్పేవాళ్ళు మా దగ్గరకు రారు. ఒకరు బరువు చూడమంటారు, ఒకరు మెరుగు పెట్టమంటారు. చదవమనడం కూడా బేరానికి ముందుమాటే అనుకున్నాను. ఆమె చెప్పింది సగం చెవితో విన్నాను. అయినా ఆ సగమే ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

ఆమె తల్లి ఓబులమ్మ. మేకలు, రెండు ఆవులు ఉన్న ఇల్లు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గాయపడిన సిపాయిల రైళ్ళు గిద్దలూరు స్టేషన్లో ఆగేవట. ఓబులమ్మ చంకలో పసిబిడ్డను, తల మీద మజ్జిగ కుండను పెట్టుకుని నడిచి వెళ్ళి పెట్టె పెట్టెకూ పోసేదట. చంకలో బిడ్డ ఈ బాలమ్మే. ఒక దొరసాని అది చూసి పైకి రాసింది. పతకం వచ్చింది. పల్లెలో ఎవరికి ఏం వచ్చినా మునసబు చేతుల మీదుగానే రావాలి కాబట్టి ఇదీ ఆయనే ఇచ్చాడు. ఇచ్చిన చేతులే పుచ్చుకున్న చేతులని ఇప్పుడు ఆయన మనవడు అంటున్నాడట.

"ఊళ్ళో నీళ్ళ ట్యాంకు కడతా ఉన్నారు నాయనా. సిపాయిలకు దాహం తీర్చినోళ్ళ పేరు దానికి పెడతారంట. మునసబు మనవడేమో, పతకం మా తాతది, మజ్జిగ మోసిందానికి మీ అమ్మకు దానంగా ఇచ్చినాడు అంటాడు. బిళ్ళ మీద ఎవురి పేరుంటే ఆ పేరే రాయిస్తానన్నాడు సర్పంచి. మా అమ్మ పేరే ఉంటది. అయితే నాకు ఇంగ్లీషు రాదు గదా."

బిళ్ళను తిప్పి చూశాను. ఇటు రాజు తలకాయ, అటు దయ. పేరు ఎక్కడా లేదు. రిబ్బన్‌ను ముడితో సహా ఊడదీసి, "ఇది పనికి రాదులే అక్కా" అని ఆమెకే ఇచ్చేశాను. తర్వాత నా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఆకురాయి తీసింది. అంచు మీద మూడుచోట్ల గీకింది. పాత బిళ్ళ కదా, అనుమానం తీరక చుట్టూ ఇంకో నాలుగుసార్లు గీకింది. బాలమ్మ బల్ల మీదకు వంగి శ్రద్ధగా చూస్తూ ఉంది.

గీటురాయి మీద పెట్టబోతూ అంచును భూతద్దం కింద చూశాను. వెంట్రుక మందాన గీతలు. ఒకటి నిలువుగా, ఒకటి వంపుగా. అక్కడక్కడా మిగిలిన అక్షరాల తోకలు. పేరు అంచు మీద ఉండేది. ఒక నిమిషం ముందు వరకు ఉండేది.

"ఏమని ఉంది నాయనా?"

చెప్పాల్సింది ఒక్కటే మాట. నేను చెప్పింది వేరే. "పేరు ఉండేది అక్కా, అరిగిపోయింది. దీన్ని దేంతో తోముతారు?"

"చింతపండుతో. పండగొస్తే మా అమ్మ తోమేది. అమ్మ పోయినాక నేను తోముతా ఉన్నా."

"అదే. మీరే తోమి తోమి అరగదీసినారు."

ఆమె తన కుడిచేతి వేళ్ళను చూసుకుంది. "అట్లనా నాయనా" అంది. బిళ్ళనూ రిబ్బన్‌నూ కొంగులో కట్టుకుని గిద్దలూరు బస్సుకు వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం నాకు భోజనం సహించలేదని రాస్తే బాగుంటుంది. బాగానే సహించింది. పప్పు రెండోసారి వేయించుకున్నాను.

ట్యాంకు కట్టారు. దాని మీద మునసబు పేరు రాశారు.

ముడి

రెండేళ్ళ తర్వాత హైదరాబాదులో అయ్యగారు ఒక సొరుగు తెరిచి చూపించాడు. అందులో అన్నీ ఆడవాళ్ళకు ఇచ్చిన పతకాలు. ప్రతిదానికీ రిబ్బన్ పువ్వు ముడి. "మగవాళ్ళది నిటారుగా వేలాడుతుంది సుబ్బయ్యా. ఆడవాళ్ళకు ఇట్లా ముడి కుట్టి ఇచ్చేవారు, భుజం దగ్గర పెట్టుకోవడానికి. పేరు పోయినా ముడి చెప్తుంది, పుచ్చుకున్నది ఆడమనిషి అని" అన్నాడు. ఊరుకోకుండా, "పేరెప్పుడూ అంచు మీదే ఉంటుంది. అంచును గీకేవాడంత గాడిద ఇంకొకడుండడు" అని కూడా అన్నాడు. నేను అవునండీ అన్నాను. ఆ గాడిదకు రోజూ ఇంగ్లీషు పేపరు చదవడం వచ్చని మాత్రం చెప్పలేదు.

మర్నాడే రాచర్ల వెళ్ళి ఈ మాట చెప్పి ఉండాల్సింది. ట్యాంకు మీద సున్నం ఇంకా తాజాగా ఉన్న రోజులు. వెళ్ళలేదు. ముడి సంగతి చెబితే ఆకురాయి సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. మొదట పని ఎక్కువగా ఉందనుకున్నాను. తర్వాత ఆమె మర్చిపోయి ఉంటుందనుకున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్ళయ్యాక ఏం వెళ్తాంలే అనుకున్నాను. నా దగ్గర పతకాల కంటే ఎక్కువగా పోగుపడినవి ఈ సాకులే. ఇవి మాత్రం నల్లబడవు.

ఈ వ్యాసం మొదలుపెట్టి, బాలమ్మ పేరు దగ్గరకు వచ్చి ఆగిపోయాను. వారం రోజులు కాగితం అలాగే ఉంది. కుర్రాళ్ళకు నీతులు చెప్పడానికి కూర్చుని ఇదేం బతుకని నా మీద నాకే కోపం వచ్చింది. మొన్న సోమవారం గిద్దలూరు బస్సెక్కి, అక్కడ ఆటో పట్టుకుని వెళ్ళాను.

బాలమ్మ ఉంది. ఎనభై దాటాయి, చూపు కాస్త మందగించింది, మాట మందగించలేదు. ఎవరో గుర్తుపట్టాక కోడలిని పిలిచి, "పెట్టెలో బిళ్ళ తెచ్చి సారుకు చూపియ్యి. నేను దాన్ని ముట్టను" అంది. ఎందుకు ముట్టుకోవని నేను అడగలేదు. రిబ్బన్ కూడా ఉంది. రంగు పోయింది, ముడి పోలేదు.

నేను సులువైన సగం చెప్పాను. ముడి అంటే ఆడమనిషికి ఇచ్చినట్టేనని, ఇది మునసబుది కావడానికి వీల్లేదని. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "ఇదే మాట పంచాయితీలో చెప్తావా నాయనా?" అంది. చెప్తానన్నాను. రెండో సగం, ఆకురాయి సంగతి, చెప్పలేదు. అరవై ఏడేళ్ళు వచ్చినా మనిషికి సులువైన సగాలంటేనే ఇష్టం.

పంచాయతీ ఆఫీసులో ఇప్పటి సర్పంచ్ ఉంది, నలభై ఏళ్ళ ఆడమనిషి. కబురు అందుకుని మునసబు మనవడు కూడా వచ్చాడు. అతనికీ నా వయసే ఉంటుంది. తెల్ల చొక్కా నలగకుండా కూర్చున్నాడు. నేను ముడి సంగతి చెప్పాను. సర్పంచ్ ఫోనులో అలాంటి పతకాల ఫొటోలు వెతికి, రిబ్బన్ పక్కన పెట్టి చూసుకుంది.

మునసబు మనవడు నవ్వాడు. "ముడి ఎవురైనా కుట్టుకోవచ్చు. పేరేదీ? బిళ్ళ మీద పేరుండేదని మీరే అంటిరి గదా. ఆ పేరు ఎవురు చెరిపినారు?"

నేను నోరు తెరిచేలోపు బాలమ్మ లేచి నిలబడింది. "నేనే సామీ" అంది. "నా చేతులతో నేనే చెరిపినా. చింతపండు పెట్టి తోమి తోమి మా అమ్మ పేరు నేనే తీసేసినా." తల దించుకుని చెప్పింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆమె దాన్ని ఎందుకు ముట్టుకోదో.

"కాదు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "నేను చెరిపాను. ఆమె చదవమని తెస్తే, వెండో కాదో చూద్దామని ఆకురాయితో గీకాను. పేరు అంచు మీద ఉంటుందని నాకు తెలియదు. తప్పు ఒప్పుకోలేక ఆమె మీద వేశాను."

"చూసినారా! చెరిపినోడే వచ్చి సాక్ష్యం చెప్తాడంట!" అన్నాడు మునసబు మనవడు. నిజం చెప్పాలంటే ఆ మాటలో న్యాయం ఉంది.

సర్పంచ్ అతని వైపు తిరిగింది. "చెరిపినానని చెప్పుకునేదానికి ఈ వయసులో మార్కాపురం నుంచి పనిగట్టుకుని ఎవురన్నా వస్తారా మామా? ఈ ముడి చూడు. మీ తాత దీన్ని భుజానికి పెట్టుకోని తిరిగినాడా?" గదిలో నవ్వులు లేచాయి. నా చేత జరిగినదంతా కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నారు. ఎండాకాలం లోపు ట్యాంకుకు సున్నం వేసేటప్పుడు ఓబులమ్మ పేరు రాయిస్తామన్నారు. మునసబు మనవడు పట్టుబట్టి, కింద చిన్న అక్షరాలతో 'ప్రోత్సాహం' అని వాళ్ళ తాత పేరు ఉంచుకున్నాడు. ఆయన దేన్ని ప్రోత్సహించాడో నాకు తెలియదు. బహుశా దాహాన్ని.

 బయటకు వచ్చాక బాలమ్మ తిడుతుందనుకున్నాను. తిట్లకు తయారై కూడా ఉన్నాను. ఆఫీసు మెట్ల దగ్గర ఆగి, కోడలి చేతిలోని బిళ్ళను తీసుకుని, తన అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో అంచును తడిమింది.

"అయితే నేను తోమినందుకు పోలేదా నాయనా?"

"లేదక్కా."

పది అడుగులు వేసి మళ్ళీ ఆగింది. "చింతపండుకు పోలేదా?"

"పోలేదు. నేనే తీసేశాను."

ట్యాంకు వైపు ఆమె చూడను కూడా లేదు. ఆటో వచ్చేలోపు ఆ మాటే ఇంకోసారి అడిగింది. నేను ఇంకోసారి చెప్పాను.